పోసిన నీళ్ళు తిరిగి రావాలి

నమోదు 1

మేస్త్రీ తన పని గురించి తానే రాయాలని కమిటీ నియమం. రాస్తున్నాను. చదివేవాళ్ళకు ఓపిక ఉండాలి, నాకు లేదు.

పేరు కుళ్ళాయప్ప. మా తాతలు తాడిపత్రిలో బండలు పరిచారు. నేను చంద్రుడి మీద ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నాను. వంశం ఎదిగిందో దిగిందో మీరే చెప్పండి.

పని, బడి మైదానం. మనవాళ్ళు ఇక్కడ దిగి ఇన్నేళ్ళయినా పిల్లలు పరుగెత్తడానికి చోటు లేదు. సొరంగంలో పుడతారు, సొరంగంలో చదువుతారు, కాస్త గట్టిగా ఎగిరితే తల పైకప్పుకు తగులుతుంది. ఇప్పటికి కమిటీకి బుద్ధి పుట్టి సొరంగాల పైన అద్దాల గోపురం ఒకటి కట్టింది. గోపురం కింద నేలంతా దుమ్ము. పీలిస్తే ఊపిరితిత్తులు గీసుకుపోయే దుమ్ము. దాన్ని అణచడానికే ఈ ప్లాస్టిక్ గడ్డి, టర్ఫ్. అందం కోసం అనుకునేవాళ్ళు అనుకోండి.

టర్ఫ్ పరచడం ఎవడైనా పరుస్తాడు. కింద కాలువ వేయడమే పని. సొరంగంలో జనం వదిలిన ఊపిరి గొట్టాల్లో పైకి వచ్చి, అద్దానికి పట్టి, పొద్దున దీపాలు వెలిగే వేళకు బొట్లుగా రాలుతుంది. ఆ చెమటే మళ్ళీ మనం తాగే నీళ్ళు. గడ్డి గుండా దిగి, కంకర గుండా, దాని కింది వడపోత గుడ్డ గుండా దిగి, పైపులో పడి తొట్టికి చేరాలి. దుమ్ములోకి ఇంకితే పోయినట్టే.

కమిటీ పెద్ద చౌడప్ప షరతు పెట్టాడు. బడి తెరిచే రోజు ఒక గోలెం నీళ్ళు మైదానం మీద పోస్తారు. గోలెం నిండా తొట్టిలోకి తిరిగి రావాలి. గడ్డికి అంటిన తడి మాత్రం మినహాయింపు. వస్తే మైదానం పిల్లలది. రాకపోతే గోపురం గోడౌన్‌కు. గనుల సామాను పెట్టుకోవడానికి చోటు లేదని చౌడప్ప ఏడాదిగా ఏడుస్తున్నాడు. షరతు ఎందుకు పెట్టాడో అర్థం కాని మనిషి ఈ సొరంగంలో లేడు.

వాటం, అంటే నీళ్ళు పారే వాలు, చూడడానికి సంహిత అనే ఇంజనీరు పిల్లను పంపారు. ఇక్కడే పుట్టింది. వాన చూడలేదు, వాగు చూడలేదు. నీళ్ళు ఎట్లా పారతాయో నాకు చెబుతుంది.

"వాటం ఇంకొంచెం పెంచాల పెద్దాయనా. ఈడ నీళ్ళకు బరువు తక్కువ," అంది.

"బరువు తక్కువ కాదు మే, బద్ధకం ఎక్కువ. నీ మాదిరే," అన్నాను.

నవ్వలేదు. వాటం పెంచాను. ఆమె చెప్పిందని కాదు, నేనూ అదే అనుకున్నాను.

నమోదు 2

కాలువకు రాయి కోస్తున్నాం. కోత మిషను వెనకాల తెల్లటి పిండి గుట్ట పడుతోంది. ఎక్కడ పారేయాలో తెలియక సంచుల్లో కట్టి పెడుతున్నాను.

నా జతలో పనిచేసేది మాబున్ని. టర్ఫ్ అతుకులు వేయడంలో ఆమె చేతికి తిరుగు లేదు. ఈ మాట ఆమెకు చెప్పలేదు, చెప్పను. అతుకు అంటే రెండు చాపలు పక్కపక్కన పెట్టి కింద పట్టీకి జిగురు రాయడం. జిగురు ఎక్కువైతే గడ్డి మొదట్లో గడ్డ కడుతుంది, తక్కువైతే పిల్లల కాలికి తగులుకుంటుంది. ఇంతకుముందు బ్యాంకు ముందు పరిచిన మొనగాళ్ళు జిగురు బదులు మేకులు కొట్టారు. వాళ్ళను కూడా మేస్త్రీలే అంటారు.

ఓబుళమ్మ వచ్చింది. ఆమె నాకంటే పెద్దది, సొరంగంలో ఎవరికి కాన్పు అయినా ఆమె చేతుల మీదే. సంచులు చూసింది. పిండి వేలికి అంటించుకుని నలిపింది.

"ఇదేం చేస్తావప్పా?"

"తింటాను."

"తమాషా వద్దులే. నాకియ్యి. మా అవసరం మాకుండాది."

తీసుకుపొమ్మన్నాను. చెత్త మోసే బాధ తప్పింది.

నమోదు 3

మధ్యలో హోటల్ పని ఒకటి ఒప్పుకున్నాను. హోటల్ వాడికి పైకప్పుకు టర్ఫ్ కావాలట. పైకప్పుకు. నేల మీద గడ్డి అందరికీ ఉంటుంది, నా దగ్గర తలమీద ఉండాలి అన్నాడు. తినేటప్పుడు సాంబార్లో గడ్డి పడితే ఏం చేస్తావంటే, ప్లాస్టిక్ కదా, తీసి పక్కన పెడతారు అన్నాడు.

అంటించి వచ్చాను. ఒక పెద్దమనిషి ఇంట్లో మంచం కింద పరవమన్నారు. ఎందుకో అడగలేదు. పెద్దమనుషుల ఇళ్ళలో అడగకూడదు.

నమోదు 4

మైదానం సగానికి పైగా అయింది. సొరంగంలోంచి పైకి వచ్చే గేటు పక్క పూర్తిగా అయింది. నీళ్ళు పోసి చూశాం. పోసినంత వచ్చింది. సంహిత తొట్టిలో కర్ర దించి కొలిచి, మళ్ళీ కొలిచి, "సరిపోయింది," అంది. సరిపోక. తాడిపత్రి చేయి ఇది.

దీపాలు వెలిగాక మైదానానికి వస్తే గేటు లోపల గడ్డి మీద ముగ్గు ఉంది. తెల్లటి పిండితో. చుక్కలు సరిగ్గా నిలవక గీతలు వంకరపోయాయి. ప్లాస్టిక్ గడ్డి మీద ముగ్గు వేసినవాళ్ళను నేను నా జన్మలో చూడలేదు. ఓబుళమ్మ నడుము మీద చేయి పెట్టుకుని నిలబడి చూసుకుంటోంది.

"ఏంది ఇది?" అన్నాను.

"వాకిలి."

"ఎవరి వాకిలి?"

"సొరంగంలో వాకిండ్లు యాడుండాయప్పా. తలుపు తీస్తే ఇంకొకరి తలుపు. కింద ఇనుప జల్లెడ. నా పెండ్లయినాక నేను ముగ్గేసింది లే. పచ్చగా పరిచినావు, బోసిగా యాల పెట్టేది?"

గోపురం చెమట రాలుతూనే ఉంది. మేము మాట్లాడుకుంటుండగానే ముగ్గు కరిగి గడ్డిలోకి దిగిపోయింది. ఆమె ఏమీ అనుకోలేదు. రేపు మళ్ళీ వేస్తుందట. పిచ్చి ముసలమ్మ అనుకుని ఊరుకున్నాను. పోగొట్టుకునేది ఆమె పిండేగా.

నమోదు 5

ఇప్పుడు ఒక ముగ్గు కాదు. గేటు పక్క పొడవునా ముగ్గులే. సొరంగంలో ఎన్ని తలుపులుంటే అన్ని. ప్రతి ఇంటికీ ఇంత అని చోటు పంచుకున్నారు. నా ముగ్గు అంచు నువ్వు తొక్కావని ఇద్దరు పోట్లాడుకున్నారు కూడా. పిండి అయిపోతే నా దగ్గరికే వస్తున్నారు. ఇస్తున్నాను.

అసలు సంగతి అది కాదు. నీళ్ళు తగ్గుతున్నాయి. మొన్న పోస్తే కొంచెం తక్కువ వచ్చింది. ఇవాళ ఇంకా తక్కువ. గేటు దగ్గర గడ్డి మీద నీళ్ళు నిలబడి, పాదం పెడితే చప్పుడు చేస్తున్నాయి.

సంహితను పిలిచాను. "నీ వాటం," అన్నాను.

"నా వాటం సరిగ్గానే ఉండాది. నీ పైపు అతుకు జరిగిందేమో చూడు."

"నా అతుకు జరగదు."

"జరగదని నువ్వంటే సరిపోతుందా పెద్దాయనా?"

"ఇన్నాళ్ళూ సరిపోయింది."

మాబున్నిని అడిగాను, జిగురు కారి గడ్డి చాప రంధ్రాల్లోకి పోయిందేమో అని. ఆమె చేతిలో ఉన్న పట్టీ కింద పెట్టి నా వైపు చూసింది. "అన్నా, ఇంకోసారి అడుగు," అంది. ఇంకోసారి అడగలేదు. 

తప్పు పైపులది. భూమి నుంచి పంపేవాళ్ళకు ఇక్కడి పనంటే లెక్క లేదు. మైదానం నడిమధ్య నాలుగు పైపులు కలిసే చోటు ఉంది. అక్కడే ఏదో పగిలింది. విప్పుతాను.

నమోదు 6

విప్పాను. వేసిన అతుకు కోసి, టర్ఫ్ చుట్టి, కంకర తోడి, పైపు బయటపెట్టాను. పైపు కొత్త పెళ్ళికూతురిలా ఉంది. చుక్క కారలేదు.

మళ్ళీ కప్పడానికి పట్టిన కాలమంతా దండగ. బడి తెరిచే రోజు దగ్గర పడింది. చౌడప్ప గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వెంట ఇద్దరు, చేతుల్లో టేపులు. గోడౌన్ అరలు ఎక్కడ పెట్టాలో కొలుచుకుంటున్నారు, నేను ఇంకా లోపల ఉండగానే.

"ఏం కుళ్ళాయప్పా, గడ్డి మేస్తాందా నీళ్ళని?"

"నీ గనులకన్నా తక్కువే తాగుతోంది."

"కోపం యాలప్పా. కాకపోతే కాలేదని చెప్పు. పెద్దోనివి, ఎవురూ ఏమనుకోరు. పిల్లోళ్ళు ఇన్నాళ్ళూ సొరంగంలో ఆడుకోలే?"

చౌడప్ప కూతురు కొడుక్కి నుదుటి మీద మూడు కుట్లు ఉన్నాయి. సొరంగం మలుపులో పరుగెత్తి పైపుకు కొట్టుకున్నాడు. ఆ మాట అనబోయి ఆగాను. అనాల్సింది.

నమోదు 7

దొరికింది. నాకు కాదు, మాబున్నికి.

నేను మళ్ళీ మధ్యలో తవ్వుదామంటే ఆమె వినలేదు. "నీళ్ళు నిలిచేది గేటు కాడ, నువ్వు తొవ్వేది నడుమ. నీకు గేటు కాడ ఏమైనా దాచిపెట్టిన సొమ్ముందా?" అని తనే కత్తి తీసుకుని గేటు పక్క చాప ఎత్తింది. కింద కంకర ఉండాలి. లేదు. కంకర ఉంది గానీ కనబడడం లేదు. గోడకు సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడి ఉంది. దాని కింద వడపోత గుడ్డ, చేత్తో కొడితే పలకలా మోగింది.

ముగ్గులు. రోజూ వేసిన ముగ్గంతా చెమట నీళ్ళతో కరిగి, గడ్డి రంధ్రాల్లోంచి దిగి, గుడ్డకు పట్టి, గడ్డకట్టింది. మైదానం నీళ్ళన్నీ తొట్టికి పోయేది ఆ వైపు నుంచే. ఇంటికొక ముగ్గు చొప్పున ఊరు ఊరంతా కలిసి నా కాలువకు పూత పూసింది.

పిండి ఇచ్చింది ఎవరంటే నేను. సంచులు కట్టి మరీ ఇచ్చాను. రాసుకోండి.

సంహిత వచ్చి గుడ్డను గీరి చూసింది. ఎంత మేర గట్టిపడిందో అడుగులతో కొలుచుకుంటూ పోయింది. తిడితేనే బాగుండేది, నాకు జవాబు చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది.

గుడ్డ మార్చాలంటే భూమి నుంచి రావాలి. వచ్చే ఓడ పరీక్ష అయ్యాక గాని దిగదు.

నమోదు 8

ఓబుళమ్మ తలుపు కొట్టాను. పక్క తలుపులూ తెరుచుకున్నాయి. సొరంగంలో ఒకరిని తిడితే అందరూ వింటారు, అదొక సౌకర్యం.

గడ్డకట్టిన గుడ్డ ముక్క ఆమె ముందు పడేశాను. "మీ ముగ్గులు. ఇదిగో. చుక్క నీళ్ళు దిగడం లేదు. పిల్లలు ఆడుకోవాల్సిన చోట చౌడప్ప డ్రిల్లింగు మిషన్లు పెట్టుకుంటాడు. వాటి ముందు వేసుకోండి ముగ్గులు."

ఓబుళమ్మ గుడ్డను అటూ ఇటూ తిప్పింది. గట్టిపడిన పిండి మీద ఇంకా ఒక గీత వంపు అచ్చులా ఉంది.

"చెప్పింటే మానుకునేటోళ్ళం కదప్పా."

"ఇప్పుడు చెప్తున్నాను."

"ఇప్పుడు మానుకుంటే నీ గుడ్డ బాగవుతాదా?"

"కాదు."

"మరి కేకలు యాలకి? ఏం చేయాలో చెప్పు."

వెనకాల నుంచి ఒక పడుచు, చంకలో బిడ్డతో, "నా బిడ్డ పుట్టినాక నేనేసిన మొదటి ముగ్గు అదే పెద్దనాయనా," అంది. అందులో నాకు చెప్పాల్సింది ఏముందో తెలియదు. చెప్పింది. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.

దారిలోనే ఆలోచన తేలింది. గేటు పక్క పాడైన భాగం కోసి పారేస్తాను. టర్ఫ్, కంకర, గుడ్డ, అన్నీ. మైదానంలో మూడో వంతు పోతుంది. ఆ చోట రాతి బండలు పరుస్తాను, పైకి తెరిచి ఉన్న కాలువ వేస్తాను. తెరిచిన కాలువకు గుడ్డ అక్కర్లేదు. మిగిలిన మైదానం పైపులన్నీ అందులోకి తిప్పుతాను. తొట్టికి ముందు ఒక గుంత, పిండి వస్తే అందులో దిగిపోతుంది, తోడుకోవచ్చు.

నా చేత్తో నేను పరిచిన టర్ఫ్, ఒక్క ముడత లేనిది, నా చేత్తోనే కోయాలి. మాబున్నికి చెబితే కత్తి అందించింది. "నేను కోస్తే బాధ పడతావు," అంది. బాధేం లేదు. ప్లాస్టిక్.

నమోదు 9

బండలు పరిచాం. రాయి మంచిదే. నున్నగా చేయడానికి మా తాతల దగ్గరుండే ఉలి లేదు గానీ, ఉన్నదానితో చేశాను. పిండి ఆగేలా గుంతకు అడ్డు పెట్టాను. సొరంగం ఆడవాళ్ళు పాత కంకర మోసి బయటవేశారు. ముగ్గుల దగ్గర పోట్లాడుకున్న ఇద్దరూ ఒకే తట్ట పట్టుకుని మోశారు, మాట్లాడుకోకుండా.

చౌడప్ప వచ్చాడు. బండల మీద చెప్పుల చప్పుడు చేసుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాడు.

"మైదానమంతా టర్ఫ్ అని కదప్పా నీకు చెప్పింది. ఇది మైదానమెట్లయితాది? ఇది ముంగిలి."

"ముంగిలే కావాల్సింది మాకు," అంది ఓబుళమ్మ, తట్ట దించకుండానే.

"నీకు కాదత్తా, బడికి కట్టింది. పరీక్ష అక్కర్లే ఇంక. షరతు ప్రకారం పని కాలే."

నేను నోరు తెరిచేలోపు సంహిత ముందుకు వచ్చింది. ఆ పిల్ల గొంతు పెంచగా నేను వినలేదు, ఇప్పుడూ పెంచలేదు.

"నీళ్ళు తిరిగి రావాలని అన్నది నువ్వే చిన్నాయనా. కమిటీ అందరూ విన్నారు. గడ్డి ఎంత ఉండాలని నువ్వు అన్లే. గోలెం తూము నా చేతిలో ఉండాది. రేపు తిప్పుతా. తిప్పొద్దంటే కమిటీని కూర్చోబెట్టి, యాల వద్దో అందరి ముందర చెప్పు."

చౌడప్ప చెప్పు కొనతో బండను ఒకసారి తట్టాడు. "రేపు చూస్తా," అని వెళ్ళిపోయాడు. రేపు నీళ్ళు ఎలాగూ రావని అతని ధీమా.

వస్తాయని నాకు ధీమా లేదు. గడ్డి కింద మిగిలిన గుడ్డలోకి ఎంత పిండి దూరిందో ఎవరికి తెలుసు. పని అయిపోయాక గేటు దగ్గర బండ మీద కూర్చుంటే సంహిత పక్కన కూర్చుంది.

"వస్తాయా నీళ్ళు?" అన్నాను.

"తెలీదు."

తెలియదని చెప్పిన ఇంజనీరును మొదటిసారి చూశాను.

నమోదు 10

పొద్దున దీపాలు వెలిగేసరికి ఆడవాళ్ళు బండల మీద ఉన్నారు. చెంబులతో కల్లాపి చల్లుతున్నారు. ఎక్కడి నీళ్ళంటే, తమకు తాగడానికిచ్చిన పొద్దుటి వంతు. ఇంటికి ఇంత అని కొలిచి ఇచ్చే నీళ్ళు. అవి తెచ్చి బండల మీద, కాలువలో, గుంతలో పోసి చీపుర్లతో కడుగుతున్నారు. మా పిండి మేమే కడగాలి కదా అన్నారు. ఎవరూ ముగ్గు వేయలేదు.

"తాగకుండా ఏం చేస్తారు?" అని కసిరాను.

"సాయంత్రం తాగుతాం," అంది ఓబుళమ్మ. "జరుగు, కాళ్ళ కాడ తడుస్తాది."

కమిటీ వచ్చింది. చౌడప్ప తొట్టి దగ్గర నిలబడ్డాడు, తాను తప్ప ఎవరూ చూడకూడదన్నట్టు. సంహిత తూము తిప్పింది. గోలెం నీళ్ళు గడ్డి మీద పరుచుకున్నాయి. గడ్డి మింగింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఇక్కడ నీళ్ళు మెల్లగా పోతాయని తెలిసి కూడా, పైపు నోటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెవి పెట్టాను. ఆ వయసులో ఆ పని చేసేవాడిని నేను బయట చూస్తే నవ్వేవాణ్ణి.

ముందు తేమ. తర్వాత దారం లాంటి ధార. తర్వాత చేతి మందాన. కాలువలోకి దూకి, గుంతలో తిరిగి, తొట్టిలోకి. చాలాసేపు వచ్చాయి. సంహిత కర్ర దించింది. చూసింది. మళ్ళీ దించింది. కర్రను చౌడప్పకు ఇచ్చింది.

"ఎక్కువుంది," అన్నాడు చౌడప్ప.

పోసినదానికంటే ఎక్కువ వచ్చింది. కల్లాపి నీళ్ళు కాలువలో బద్ధకంగా పడి ఉండి, గోలెం నీళ్ళతో కలిసి దిగాయి.

"ఇది చెల్లదు. ఈ నీళ్ళు వేరే నీళ్ళు."

"అవును," అంది సంహిత. "తాగే నీళ్ళు. మైదానానికి పోసినారు. ఎవరి ఇంటి నీళ్ళు ఎంతో అడుగు, పక్కకు తీసిపెడదాం. మిగతాది కొలుద్దాం."

చౌడప్ప ఆడవాళ్ళ వైపు చూశాడు. పది చెంబులు, ఇరవై చెంబులు, ఖాళీగా. ఒక చెంబు అతని కూతురి చేతిలో ఉంది. తండ్రి ముఖం చూడకుండానే ఆమె చెంబు బోర్లించి బండ మీద పెట్టింది.

"అడగను," అన్నాడు చౌడప్ప. కర్ర తిరిగి ఇచ్చేశాడు. "తెరవండి."

బడి పిల్లల్ని తీసుకొచ్చారు. వరసలో వచ్చారు, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసి, సొరంగంలో నడిచినట్టు. బండలు దాటి గడ్డి అంచు దాకా వచ్చి ఆగిపోయారు. టీచరు పరుగెత్తండి అంటే ఎవరూ కదలరు. గోడ కోసం చేతులు పక్కకు చాచి చూస్తున్నారు. ఇంత తెలివితక్కువ పిల్లల్ని నేను ఎక్కడా చూడలేదు.

ముందున్న పిల్ల నా వైపు తిరిగింది. పళ్ళు రెండు లేవు.

"యాడిదాకా పరిగెత్తాల తాతా?"

"గోడ వచ్చేదాకా."

కళ్ళు చిట్లించి చూసింది. "గోడ కనబడ్లే."

"కనబడినప్పుడు ఆగు."

భుజం మీది చేయి విదిలించుకుని పోయింది. ఇక్కడి బరువుకు ఒక్కో అడుగు ఇంత ఎత్తు లేస్తోంది, ఎక్కడ దిగాలో తెలియక మధ్యలో కాళ్ళు ఆడిస్తోంది. వెనకాలే మిగతావాళ్ళు. ఆగడం ఒక్కరికీ రాదు. అతుకుల మీదే దూకుతున్నారు. వాళ్ళు బయటికి వెళ్ళాక మాబున్నితో కలిసి జిగురు చూసుకోవాలి. ఎప్పుడు వెళ్తారో తెలియదు.